గ్రీకు అక్షరాల ఉత్తరం వస్తే ఏం చేయాలి?

మన తెలుగు బడిలో ఒత్తులు, గుణింతాలు దిద్దుకుని కాలేజీకి వెళ్ళిన పిల్లల ఇళ్ళకి రెండో సంవత్సరం వచ్చేసరికి ఒక రకం ఉత్తరాలు రావడం మొదలవుతుంది. కొన్ని పోస్టులో వస్తాయి, ఎక్కువ ఈమెయిల్లో వస్తాయి. పైన "అభినందనలు" అని ఉంటుంది. మధ్యలో మూడు గ్రీకు అక్షరాలుంటాయి. కింద, కాస్త చిన్న అక్షరాల్లో, చేరడానికి ఎంత కట్టాలో ఉంటుంది.

ఆ ఉత్తరం చూడగానే మన ఇళ్ళల్లో వచ్చే అనుమానాలు దాదాపు ఒకటే. ఇదేదో డబ్బులు గుంజే వ్యవహారమా? సినిమాల్లో చూపించే పార్టీల గుంపా? చేరితే రేపు ఉద్యోగానికి పనికొస్తుందా? ఇంజనీరింగు చదివే పిల్లలకి వస్తే ఆఫీసులో ఎవరో ఒకరిని అడిగి తెలుసుకుంటాం. టీచరు కావాలని ఎడ్యుకేషన్ చదువుతున్న అమ్మాయికో అబ్బాయికో వస్తే మాత్రం మన వాళ్ళలో అడగడానికి మనిషి దొరకడు. పిల్లలకి ఆ చదువు చెప్పించినవాళ్ళే మనలో తక్కువ.

గత రెండు మూడేళ్ళలో మన బడి నుంచి వెళ్ళినవాళ్ళలో ముగ్గురు ఎడ్యుకేషన్ తీసుకున్నారు. ముగ్గురూ హైస్కూల్లో ఉండగా మన చిన్నపిల్లల క్లాసుల్లో సహాయం చేసినవాళ్ళే. వాళ్ళ అమ్మానాన్నలు అడిగిన ప్రశ్నలకి జవాబులు వెతికి తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను. నా ఉద్యోగం డేటాబేసులతో. భాష కాస్త మాన్యువల్‌లా ఉంటే సర్దుకోండి.

ముందు ఆ గ్రీకు సంగతి

గ్రీకు అక్షరాలు మనకి కొత్తేమీ కాదు. డెల్టా అంటే తేడా, పై అంటే 3.14, సిగ్మా అంటే కూడిక. ఇంజనీరింగులో నాలుగేళ్ళు వీటితోనే కుస్తీ పట్టాం. అమెరికా కాలేజీల్లో మాత్రం ఈ అక్షరాలు సంఘాల పేర్లు. ఈ అలవాటు 1776లో మొదలైంది. ఈ దేశం స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఆ ఏడాది డిసెంబరులో వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో కొందరు విద్యార్థులు ఫై బీటా కప్పా అనే సంఘం పెట్టుకున్నారు. తర్వాత వచ్చిన సంఘాలు అదే బాట పట్టాయి. కొన్ని కలిసి ఒక ఇంట్లో ఉంటూ సరదాగా గడిపే సంఘాలయ్యాయి. వాటినే ఫ్రెటర్నిటీలు, సొరారిటీలు అంటాం. కొన్ని చదువులో ముందున్నవాళ్ళని గుర్తించే సంఘాలయ్యాయి. ఇవి హానర్ సొసైటీలు. పేరు పెట్టే పద్ధతి ఒకటే గానీ పని వేరు. హానర్ సొసైటీకి ఉండే ఇల్లూ ఉండదు, శనివారం రాత్రి హడావిడీ ఉండదు.

ఈ హానర్ సొసైటీల్లో మళ్ళీ రెండు రకాలు. ఏ సబ్జెక్టు వాళ్ళనైనా తీసుకునేవి కొన్ని, ఒకే వృత్తికి సంబంధించినవి కొన్ని. ఇంజనీర్లకి టౌ బీటా పై ఉంది, 1885లో లీహై యూనివర్సిటీలో పుట్టింది. మన హైస్కూలు పిల్లలందరికీ తెలిసిన నేషనల్ హానర్ సొసైటీ 1921 నుంచి ఉంది. చదువు, సేవ, నాయకత్వం, నడవడిక అని నాలుగు స్తంభాలు చెప్పి పిల్లల చేత వ్యాసం రాయిస్తారే, అదే. టీచర్లు కాబోయేవాళ్ళకి ఉన్నవాటిలో ముఖ్యమైనది కప్పా డెల్టా పై. ఇక్కడి నుంచి దాన్ని కేడీపీ అంటాను.

మన పక్కూళ్ళో పుట్టిన సంగతి

మనం ఉండేది బ్లూమింగ్టన్-నార్మల్ జంట ఊళ్ళలో. ఇన్సూరెన్సు కంపెనీ ప్రాజెక్టులకని ఆరు నెలలకి వచ్చి పదిహేనేళ్ళు ఉండిపోయినవాళ్ళం చాలామంది ఉన్నాం. ఊరి పేరు నార్మల్ ఏమిటని ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు నవ్వుతారు. జవాబు మన విషయానికి దగ్గరదే. టీచర్లని తయారుచేసే స్కూలుని ఆ కాలంలో నార్మల్ స్కూల్ అనేవారు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో మన దగ్గర కూడా ఆ మాట వాడేవారు. 1857లో ఇలినాయ్ రాష్ట్రం తన మొదటి ప్రభుత్వ విశ్వవిద్యాలయాన్ని టీచర్ల కోసమే ఇక్కడ పెట్టింది. ఆ స్కూలు కోసం బ్లూమింగ్టన్ వాళ్ళు ఇస్తామన్న డబ్బు ఇచ్చి తీరాలని హామీ పత్రం తయారుచేసిన లాయరు అబ్రహాం లింకన్. అప్పటిదాకా నార్త్ బ్లూమింగ్టన్ అని పిలిచిన ఊరు 1865లో ఆ స్కూలు పేరు మీద నార్మల్ అయింది. మనం రోజూ కారులో దాటివెళ్ళే ఇలినాయ్ స్టేట్ యూనివర్సిటీ అదే. ఇప్పటికీ ఇక్కడ చాలామంది టీచర్లు తయారవుతున్నారు. ఒక ఊరు టీచర్ల ట్రైనింగు స్కూలు పేరు పెట్టుకుంది! మన వైపు ఊళ్ళకి దేవుళ్ళ పేర్లున్నాయి, రాజుల పేర్లున్నాయి. ట్రైనింగు స్కూలు పేరున్న ఊరు నాకు గుర్తు రావడం లేదు.

ఇక్కడి నుంచి ఐ-74 మీద యాభై మైళ్ళు తూర్పుకి వెళితే అర్బానా-షాంపేన్. అక్కడి ఇలినాయ్ యూనివర్సిటీలో 1911 మార్చి 8న కేడీపీ పుట్టింది. స్థాపకుల్లో ముఖ్యుడు విలియం చాండ్లర్ బాగ్లీ అనే ప్రొఫెసరు. ఆయన మొదట చదివింది వ్యవసాయం. డిగ్రీ చేతికొచ్చాక ఆ పని దొరక్క, మిషిగన్ ఉత్తర భాగంలో ఒకే గది ఉన్న బడిలో పాఠాలు చెప్పడానికి వెళ్ళాడు. అక్కడ బోధన మీద ఆసక్తి పుట్టి, మళ్ళీ చదువుకుని, పిల్లలకి ఎలా నేర్పాలి అన్నదే జీవితం చేసుకున్నాడు. ఒక చదువు చదివి వేరే పనిలో పడ్డవాళ్ళు మనలో ఎంతమంది లేరు! మెకానికల్ చదివి కోడింగ్ చేస్తున్నవాళ్ళు చేతులెత్తితే సగం హాలు లేస్తుంది.

కేడీపీ అక్షరాలు జ్ఞానం, కర్తవ్యం, శక్తి అనే అర్థాలున్న గ్రీకు మాటల మొదటి అక్షరాలు. మానవజాతి పట్ల నిబద్ధత, విజ్ఞానం, సేవ, శ్రమ అని నాలుగు ఆదర్శాలు పెట్టుకున్నారు. వీటిలో నాకు నచ్చింది చివరిది. హానర్ సొసైటీ పేరుతో శ్రమ అన్న మాట రాసుకోవడానికి, టీచరు పని ఎలాంటిదో లోపలి నుంచి తెలిసినవాళ్ళయి ఉండాలి.

కేడీపీ గౌరవ సభ్యుల్లో ఐన్‌స్టీన్, ఎలినార్ రూజ్వెల్ట్, జార్జ్ వాషింగ్టన్ కార్వర్ ఉన్నారు. పిల్లలూ, ఐన్‌స్టీన్ పేరు విని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అంతకంటే రుచికరమైన సంగతి ఇంకొకటుంది. తత్వవేత్త జాన్ డ్యూయీ 1938లో అనుభవానికీ చదువుకీ ఉన్న సంబంధం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. ఈనాటికీ టీచర్ల కాలేజీల్లో అది చదివిస్తారు. అది కేడీపీ ఏర్పాటు చేసిన ఉపన్యాసాల వరసలో వచ్చినది. డ్యూయీది పిల్లల అనుభవం నుంచి పాఠం మొదలవ్వాలనే వాదం. స్థాపకుడు బాగ్లీది ముందు అందరికీ మూలపాఠాలు గట్టిగా రావాలనే వాదం. ఇద్దరూ ఎదురెదురు శిబిరాలు. అదే 1938లో బాగ్లీ తన వాదాన్ని కూడా ప్రకటించాడు. సంఘం పెట్టినవాడికి ఎదురువాదం చెప్పే మనిషిని వేదిక మీదికి పిలిచి ఆయన పుస్తకం అచ్చువేసింది ఆ సంఘం. మన బడిలో పద్యాలు బట్టీ పట్టించాలా, కబుర్లలోంచి భాష నేర్పాలా అని ప్రతి ఆగస్టు కమిటీ మీటింగులో మనం వాదించుకునేది అటుతిప్పి ఇటుతిప్పి ఆ గొడవే.

ఎవరు చేరవచ్చు

కేడీపీలో కాలేజీ విద్యార్థులు చేరేది తమ కాలేజీలోని శాఖ ద్వారా. ఆ శాఖని చాప్టర్ అంటారు. అర్బానా-షాంపేన్‌లోది మొదటిది కాబట్టి ఆల్ఫా చాప్టర్. తర్వాతవి గ్రీకు అక్షరమాల క్రమంలో పేర్లు పెట్టుకుంటూ వెళ్ళాయి. అక్షరాలైపోయాక జంట అక్షరాలు మొదలయ్యాయి. ఎక్సెల్ షీటులో జెడ్ తర్వాత ఏఏ వచ్చినట్టన్నమాట.

జాతీయ స్థాయిలో డిగ్రీ విద్యార్థికి కనీసం 3.0 జీపీఏ కావాలి. ఇది కింది గీత మాత్రమే. చాలా చాప్టర్లు దీనికంటే ఎక్కువ అడుగుతాయి. విద్యార్థి ఎడ్యుకేషన్ ప్రోగ్రాములో ఉండాలి, కొన్ని క్రెడిట్ అవర్లు పూర్తయి ఉండాలి, నాయకత్వ లక్షణాలు ఉన్నాయని చాప్టర్ వాళ్ళు అనుకోవాలి. మాస్టర్స్ చేసేవాళ్ళకి జీపీఏ గీత ఇంకాస్త పైన ఉంటుంది. కచ్చితమైన అంకెల కోసం ఆ కాలేజీ చాప్టర్ పేజీయే చూడాలి, ఎందుకంటే పక్క యూనివర్సిటీ అంకె మన పిల్ల యూనివర్సిటీకి వర్తించదు. ఎలిమెంటరీ టీచర్లే కాదు, హైస్కూల్లో లెక్కలు, సైన్సు చెప్పాలనుకునేవాళ్ళు, స్పెషల్ ఎడ్యుకేషన్ వాళ్ళు కూడా దీనిలో ఉంటారు.

వీసా సంగతి తప్పకుండా అడుగుతారు. సభ్యత్వానికి పౌరసత్వంతో పని లేదు. హెచ్-4 మీద ఉన్న విద్యార్థి కూడా చేరవచ్చు.

అర్హత ఉన్నవాళ్ళకి సాధారణంగా చాప్టర్ అడ్వైజరుగా ఉన్న ప్రొఫెసరు పేరుతో ఆహ్వానం వస్తుంది. రాకపోతే అర్హత లేదని అర్థం కాదు. వేరే కాలేజీ నుంచి మారి వచ్చిన పిల్లల పేర్లు ఒక్కోసారి జాబితాలో ఆలస్యంగా ఎక్కుతాయి. "నాకు అర్హత ఉందేమో చూస్తారా" అని అడ్వైజరుకి రెండు వాక్యాల ఈమెయిల్ రాయడంలో తప్పు లేదు. మన పిల్లలు అడగడానికి మొహమాటపడతారు. ఇది మన పెంపకంలోంచి వచ్చిందే అనుకుంటాను. పెద్దవాళ్ళని అడగకూడదు, వాళ్ళే పిలవాలి అని నేర్పాం కదా. ఈ దేశంలో అడగడం అగౌరవం కాదని చెప్పండి.

చేరినప్పుడు ఇండక్షన్ అని చిన్న కార్యక్రమం ఉంటుంది. తల్లిదండ్రులని పిలిస్తే వెళ్ళండి. ఆ సాయంత్రం స్టాండప్ మీటింగు వదులుకున్నా ఏమీ కాదు. గ్రాడ్యుయేషన్ రోజున మెడలో వేసుకునే తాళ్ళకి సొసైటీ రంగులు జేడ్ ఆకుపచ్చ, ఊదా. జాతీయ రుసుము ఒకటి, చాప్టర్ రుసుము ఒకటి ఉంటాయి. తాళ్ళు, పిన్నులు వేరే కొనుక్కోవాలి. సభ్యత్వం ఏటేటా కొత్తచేసుకోవాలన్న సంగతి ముందే గమనించండి.

చేరితే ఏమొస్తుంది, ఏం రాదు

రానివి ముందు చెప్పేస్తాను. సభ్యత్వం వల్ల టీచరు లైసెన్సు రాదు. ఆ లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర విద్యాశాఖ. మన రాష్ట్రంలో ఐఎస్‌బీఈ అంటారు. గుర్తింపు ఉన్న ప్రోగ్రాము పూర్తిచేసి, సబ్జెక్టు పరీక్ష పాసై, స్టూడెంట్ టీచింగ్ ముగించి, లైసెన్సు తెచ్చుకోవాలి. సొసైటీ పేరు చూసి ఏ స్కూలు డిస్ట్రిక్టూ జీతం పెంచదు. డిస్ట్రిక్టుల్లో జీతం పట్టిక ప్రకారం నడుస్తుంది. ఎన్నేళ్ళ అనుభవం ఉందన్నది ఒక అక్షం, ఎన్ని క్రెడిట్లు, ఏ డిగ్రీ అన్నది ఇంకో అక్షం. ఇంటర్వ్యూలో ప్రిన్సిపాలు మొదట చూసేది క్లాసులో ఎలా నిలబడ్డారు, ఏ ఎండార్స్‌మెంట్లు ఉన్నాయి అన్నవి. ఇంగ్లీషు కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలకి చెప్పే ఈఎస్‌ఎల్ ఎండార్స్‌మెంటుకి మన రాష్ట్రంలో 18 క్రెడిట్ అవర్లు కావాలి. రెజ్యూమెలో సొసైటీ పేరున్న ఒక లైను కంటే అది బరువైనది.

మరి వచ్చేదేమిటి? నేను చూసినంతలో మనుషులు. ఎడ్యుకేషన్ ప్రోగ్రాముల్లో మూడో ఏడు దాకా అందరూ కలిసే ఉంటారు. స్టూడెంట్ టీచింగ్ మొదలవగానే ఒక్కొక్కరు ఒక్కో ఊరి స్కూలుకి చెదిరిపోతారు. పొద్దున్న ఆరున్నరకే బయలుదేరాలి, సాయంత్రం రేపటి పాఠం రాసుకోవాలి, జీతం ఉండదు. ఎక్కడో ఒక క్లాసులో ఒక పిల్లవాడు కుర్చీ విసిరేస్తే ఏం చేయాలో పుస్తకంలో ఉండదు. ఆ సమయంలో ఏడాది ముందు అదే దారిన వెళ్ళిన సీనియరు ఫోను నంబరు ఉండడం ఎంత పెద్ద విషయమో మన బడిలో మొదటిసారి ముప్ఫై మంది పిల్లల ముందు నిలబడ్డ ఏ వాలంటీరునైనా అడగండి. చురుకైన చాప్టర్ ఆ పని చేస్తుంది. స్కూళ్ళలో ట్యూషన్లు, పుస్తకాల సేకరణ, ఉత్తుత్తి ఇంటర్వ్యూలు, మొదటి ఏడు టీచర్లతో మాటామంతీ పెడుతుంది. జాతీయ సంస్థ స్కాలర్‌షిప్పులు ఇస్తుంది, ఉద్యోగ వెతుకులాటకి సహాయం చేస్తుంది. 1936 నుంచి ఎడ్యుకేషనల్ ఫోరమ్ అనే పత్రిక నడుపుతోంది.

చురుకైన చాప్టర్ అన్నాను, గమనించండి. ఏడాదికి రెండుసార్లు కలిసి పిజ్జా తిని ఫొటో దిగే చాప్టర్లు కూడా ఉంటాయి. దానికి డబ్బు కట్టడం కంటే ఆ డబ్బుతో మొదటి క్లాసురూముకి పిల్లల కథల పుస్తకాలు కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం. అందుకని చేరేముందు అమ్మాయిని మూడు విషయాలు కనుక్కోమనండి. అడ్వైజరు ఎవరు, పోయిన సెమిస్టరులో చాప్టర్ ఏం చేసింది, గ్రాడ్యుయేటై ఉద్యోగంలో ఉన్న సభ్యులతో మాట్లాడే వీలుందా. ఈ మూడింటికీ సూటిగా జవాబొస్తే చేరవచ్చు.

అసలా, నకిలీయా

నిజానికి ఎక్కువ నష్టం మోసం వల్ల జరగదు, చట్టబద్ధంగానే ఊరూరా ఉత్తరాలు పంపి రుసుము వసూలు చేసి, సర్టిఫికెట్ పంపి ఊరుకునే సంస్థల వల్ల జరుగుతుంది. మా ఇంటికీ అలాంటి ఉత్తరం ఒకటి వచ్చింది. మా అబ్బాయి అప్పటికి తొమ్మిదో క్లాసు. దళసరి కాగితం, బంగారు రంగు ముద్ర. వాడు ఎక్కడో ఆన్‌లైను సర్వే నింపితే అడ్రసు వాళ్ళకి చేరింది.

తేడా పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. కాలేజీ డీన్ ఆఫీసుకి ఫోన్ చేసి "ఈ పేరుతో మీ దగ్గర చాప్టర్ ఉందా, అడ్వైజరు మీ ప్రొఫెసరేనా" అని అడిగితే ఒక్క నిమిషంలో తేలుతుంది. 1925లో కొన్ని హానర్ సొసైటీలు కలిసి అసోసియేషన్ ఆఫ్ కాలేజ్ హానర్ సొసైటీస్ అని పెట్టుకున్నాయి. సభ్య సంస్థలకి కొన్ని ప్రమాణాలు పెట్టింది. ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగాల్లో జీఎస్-7 స్థాయిలో చేరడానికి మంచి జీపీఏతో పాటు ఆ జాబితాలోని సొసైటీ సభ్యత్వాన్ని కూడా ఒక అర్హతగా చూస్తారు. ఆ జాబితాలో లేని మంచి సంస్థలూ ఉన్నాయి కాబట్టి అదొక్కటే కొలబద్ద కాదు. "మూడు రోజుల్లో కట్టకపోతే అవకాశం పోతుంది" అనేది, జీపీఏ ఊసే ఎత్తనిది, కాలేజీలో మనిషి పేరు చెప్పనిది వస్తే చెత్తబుట్టలో వేయవచ్చు.

ఇంకొక అనుమానం

పైన చెప్పినవన్నీ పైకి అడిగే ప్రశ్నలు. ఇంకొకటుంది, అది ఎవరూ సూటిగా అడగరు. పోయిన వసంతంలో ఒక నాన్నగారు కూతురికొచ్చిన కేడీపీ ఆహ్వానం నాకు ఫోన్లో చూపించారు. సంస్థ మంచిదేనని చెప్పాను. ఆయన కాసేపు చూసి, "ఇదే టౌ బీటా పై అయ్యుంటే ఈపాటికి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసేవాణ్ణండీ" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ పక్కనే ఉన్న ఆ అమ్మాయి నవ్వలేదు.

"బతకలేక బడిపంతులు" అని మన భాషలో సామెత ఉంది. ఒకప్పుడు అది నిజమే కావచ్చు. నెలల తరబడి జీతాలు అందని ఎయిడెడ్ స్కూలు మాస్టర్ల కథలు మన ఇళ్ళల్లోనే ఉన్నాయి. ఇక్కడి లెక్క ఏమిటో చూద్దాం. 2019లో మన రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం పూర్తికాలం టీచరు కనీస జీతం 2023-24 నాటికి 40,000 డాలర్లకి చేరింది. చాలా డిస్ట్రిక్టులు అంతకంటే ఎక్కువే ఇస్తాయి. ప్రభుత్వ స్కూళ్ళ టీచర్లు తమ జీతంలో 9 శాతం టీఆర్‌ఎస్ అనే పెన్షన్ నిధికి కడతారు. ఈ ఉద్యోగానికి సోషల్ సెక్యూరిటీ కట్టరు. సాఫ్ట్‌వేర్ జీతంతో పోలిస్తే తక్కువే, కాదనను. పోల్చేటప్పుడు లేఆఫ్ ఈమెయిళ్ళు, రాత్రి రెండింటికి మోగే ఆన్‌కాల్ ఫోన్లు, ప్రాజెక్టు అయిపోగానే ఊరు మారడాలు కూడా లెక్కలో వేయండి. బతకలేనిది ఎవరో అప్పుడు తేలుతుంది!

చదువు ఖర్చుకి కొన్ని దారులున్నాయి. ఫెడరల్ టీచ్ గ్రాంటు ఏడాదికి గరిష్ఠంగా 4,000 డాలర్లు. బడ్జెట్ కోతల వల్ల చేతికొచ్చేది కాస్త తగ్గుతోంది. జీపీఏ 3.25 ఉండాలి లేదా ప్రవేశ పరీక్షలో పై 25 శాతంలో రావాలి. లెక్కలు, సైన్సు, స్పెషల్ ఎడ్యుకేషన్ లాంటి కొరత ఉన్న సబ్జెక్టులో, తక్కువ ఆదాయపు కుటుంబాలుండే స్కూల్లో, చదువయ్యాక ఎనిమిదేళ్ళలోపు నాలుగేళ్ళు పనిచేస్తానని సంతకం పెట్టాలి. ఆ మాట తప్పితే గ్రాంటు మొత్తం అప్పుగా మారుతుంది. వడ్డీ కూడా డబ్బు తీసుకున్న నాటి నుంచే వేస్తారు. కాబట్టి ఆ సంతకం పెట్టేముందు కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం ఇది. పౌరులకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఇస్తారు, హెచ్-4 పిల్లలకి రాదు. మన రాష్ట్రంలో గోల్డెన్ యాపిల్ స్కాలర్స్ అనే ప్రోగ్రాము ఉంది. హైస్కూలు చివరి ఏడులోనే అప్లై చేయవచ్చు. బదులుగా అవసరం ఉన్న స్కూల్లో అయిదేళ్ళు పనిచేయాలి.

అమ్మలకి ఒక మాట

మన బడి టీచర్లలో ఇండియాలో బీఎడ్ చేసి, అక్కడ స్కూళ్ళలో చెప్పి, ఇక్కడికొచ్చాక ఆగిపోయినవాళ్ళు నాకు తెలిసి నలుగురైదుగురు ఉన్నారు. ఈ సొసైటీల సంగతి మా పిల్లలకే గదా అనుకోకండి. ఐఎస్‌బీఈ ఒప్పుకునే సంస్థ చేత మీ డిగ్రీలని మూల్యాంకనం చేయించుకుంటే ఇంకా ఏం కావాలో తెలుస్తుంది. బ్యాచిలర్స్ డిగ్రీకి సమానమని తేలితే సబ్‌స్టిట్యూట్ లైసెన్సుకి దారి దొరుకుతుంది. ఏ లైసెన్సుకైనా పని చేసే అనుమతి ఉండాలి. ఎడ్యుకేషన్లో మాస్టర్స్ మొదలుపెడితే మీకు కూడా కేడీపీ ఆహ్వానం రావచ్చు. దీనికి వయసు పరిమితి లేదు. నలభై ఏళ్ళ అమ్మ మెడలో ఊదా, ఆకుపచ్చ తాళ్ళు వేసుకుని నడుస్తుంటే ఫొటో తీయడానికి మేమంతా వస్తాం.

హైస్కూలు పిల్లలు ఇప్పుడే చేయగలిగేది

పిల్లలూ, కేడీపీ కాలేజీకి వెళ్ళాకే. ఇప్పుడు మీకు ఎడ్యుకేటర్స్ రైజింగ్ ఉంది. 1937లో ఫ్యూచర్ టీచర్స్ ఆఫ్ అమెరికా పేరుతో మొదలైన ఆలోచనే పేర్లు, చేతులు మారి 2015 నుంచి ఈ పేరుతో నడుస్తోంది. మీ స్కూల్లో క్లబ్బు ఉందేమో కౌన్సిలర్ని అడగండి. లేకపోతే ఒక టీచరుని ఒప్పించి మొదలుపెట్టవచ్చు.

ఇంకొకటి, మన బడిలో. అ, ఆ క్లాసులో సహాయం చేస్తున్నవాళ్ళు ఆదివారం ఆదివారం ఒక నోటుపుస్తకంలో నాలుగు లైన్లు రాసుకోండి. తేదీ, ఎంతసేపు, ఏ పిల్లకి ఏం రాలేదు, మీరేం చేశారు. "రెండు గంటలు వాలంటీరింగ్" అని రాస్తే రేపు ఎవరికీ ఏమీ తెలియదు. "ణ, న తేడా పట్టని ఆరేళ్ళ బాబుకి బాణం, వాన బొమ్మలు గీసి చూపించాను, మూడో వారానికి పట్టుకున్నాడు" అని రాస్తే స్కాలర్‌షిప్ వ్యాసానికైనా, ఎడ్యుకేషన్ ప్రోగ్రాము ఇంటర్వ్యూకైనా, తర్వాత చాప్టర్ అప్లికేషనుకైనా అదే పనికొస్తుంది. గంటల లెక్క మీద సంతకం, సిఫార్సు ఉత్తరం కావాల్సినవాళ్ళు గడువుకి మూడు వారాల ముందు ఆ నోటుపుస్తకంతో సహా మీ క్లాసు టీచరుని కలవండి. గడువు ముందు రోజు రాత్రి టెక్స్టు మెసేజీ పంపితే ఎంత మంచి పిల్లకైనా మంచి ఉత్తరం రాయలేం.